చదువు లేకపోవడమే కారణమా? పల్లెలోనూ సిటీలోనూ నేను చూసింది

అనుకోని గర్భాలకు పల్లెల్లో చదువు లేకపోవడం, సిటీల్లో హద్దు లేని స్నేహాలు కారణమని మీ ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) ప్రాజెక్టులో రాయొచ్చా అని అడిగారు. దయచేసి అలా రాయకండి. నేను అప్పటి ప్రకాశం జిల్లాలో, మార్కాపురం వైపు తొమ్మిదేళ్లు ఏఎన్ఎంగా (ఊళ్లో ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తగా) పనిచేశాను. ఆరేళ్లుగా హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ క్లినిక్‌లో నర్సుగా ఉన్నాను. ముందు నా సంగతే చెబుతాను.

మా పెద్దబ్బాయికి ఏడో నెల నడుస్తుండగా నేను మళ్లీ నెల తప్పాను. పాలిస్తున్నాను, ఇంకా బహిష్టు రాలేదు, ఏం కాదులే అనుకున్నాను. పాలిచ్చే తల్లికి ఆ రక్షణ ఉండేది బిడ్డకు ఆరు నెలలు నిండేదాకానే. అదీ పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టనప్పుడు, బహిష్టు మళ్లీ మొదలవనప్పుడు మాత్రమే. మేం ఐదో నెలలోనే ఉగ్గు మొదలుపెట్టాం. ఇవన్నీ ట్రైనింగ్‌లో చదువుకున్నాను, ఊళ్లో తల్లులకు చెప్పాను కూడా. కానీ అత్తగారు, ఆడబిడ్డ, మేము ఉన్న ఆ రెండు గదుల ఇంట్లో నిరోధ్ ప్యాకెట్ ఎక్కడ పెట్టాలో నాకు తోచలేదు. ఆయనతో ఆ మాట ఎత్తడానికి సిగ్గు అడ్డొచ్చింది. నాకు తెలియనిదేమీ లేదు. తెలిసింది వాడుకునే వీలే ఆ ఇంట్లో లేదు.

పల్లెలో నేను ఎక్కువగా చూసింది ఇలాంటివే. మన దగ్గర మొదటి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది. అక్కడి ఆశా వర్కర్ బిడ్డ టీకాల దాకా చూసుకుంటుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డను చంకనేసుకుని అమ్మాయి అత్తారింటికి వచ్చేస్తుంది. ఇక్కడి ఆశాకు ఆమె వచ్చిన సంగతే తెలియదు. కాన్పయిన 48 గంటల్లోపు కాపర్-టి (లూప్) వేయించుకోవచ్చని ఆసుపత్రిలో ఎవరైనా చెప్పినా, పుట్టింటివాళ్లు "వాళ్లను అడక్కుండా ఎలా?" అంటారు. అత్తారింట్లో అడిగితే "ఒక్క బిడ్డకే లూప్ ఏంటి?" అంటారు. ఈలోగా ఆరు నెలలు గడిచిపోతాయి.

ఆ మార్కాపురం వైపు ఊళ్లలో వలస ఇంకో పెద్ద కారణం. మగవాళ్లు నెలల తరబడి పనులకు వెళ్లిపోతారు. మొగుడు ఊళ్లో లేనప్పుడు రోజూ మాత్ర ఎందుకని మాలా-ఎన్ అనే గర్భనిరోధక మాత్రలు మానేస్తారు. ఆయన చెప్పాపెట్టకుండా సంక్రాంతికి దిగుతాడు. ఉగాది నాటికి నా దగ్గరికి టెస్టు కోసం వచ్చిన వాళ్లెందరో! పిల్లను ఇంట్లో ఒంటరిగా వదిలి వలస వెళ్లలేక, పదో తరగతి అవగానే పెళ్లి చేసేసిన తల్లిదండ్రులనూ చూశాను. వాళ్లను తిట్టడం తేలిక, కానీ వాళ్ల భయం నిజం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. 15-19 ఏళ్ల వాళ్లలో 12.6 శాతం అప్పటికే తల్లులు లేదా గర్భిణులు. ఆ వయసు పిల్ల అత్తగారి ఎదుట ఏం మాట్లాడగలదు?

అదే సర్వేలో మీరు తప్పకుండా చూడాల్సిన సంగతి ఇంకోటి ఉంది. మన రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మాత్రలు, కండోములు, కాపర్-టి అన్నీ కలిపినా నూటికి ఒకరిద్దరు కూడా ఉండరు. అంటే మన ఇళ్లలో కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే. అది అయ్యేదాకా ఏమీ లేదు. బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం అనే మాటే ఎవరూ ఎత్తరు. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వస్తున్నాయి. అయినా చాలామందికి పేరు కూడా తెలియదు.

సిటీ కథ వేరు, అక్కడా భయమే. హాస్టళ్లలో ఉండి కోచింగ్‌కో ఉద్యోగానికో వెళ్లే అమ్మాయిలు మా క్లినిక్‌కు వస్తారు. ఫోన్‌లో అన్నీ చదివి ఉంటారు. యాప్ చూపించిన సేఫ్ డేస్‌ను నమ్ముతారు. పీసీఓడీ (పీరియడ్స్ క్రమం తప్పే హార్మోన్ల సమస్య) ఉంది కాబట్టి నాకు గర్భం రాదనుకునే వాళ్లు ఎంతమందో. పీరియడ్స్ ఎప్పుడూ ఆలస్యమే కాబట్టి నెల తప్పిన సంగతి రెండు నెలలదాకా తెలియదు. కలయిక తర్వాత 72 గంటల్లోపు వేసుకునే మాత్ర ఒకసారి వేసుకుంటే ఆ నెలంతా భయం లేదనుకుంటారు. అది ఆ తర్వాత జరిగిన కలయికకు పనిచేయదు.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది, డాక్టర్‌ను చూడకుండా మెడికల్ షాపులో అబార్షన్ మాత్రలు కొనుక్కుని, ఆగని రక్తస్రావంతో వచ్చే అమ్మాయిలు. "ఎందుకమ్మా ముందే రాలేదు?" అంటే, "భర్త సంతకం అడుగుతారని" అంటారు. నేను ఇదివరకు చేసిన ఒక క్లినిక్‌లో నిజంగానే అడిగేవాళ్లు. అబార్షన్ చట్టంలో అలా లేదు. పద్దెనిమిది నిండిన స్త్రీకి తన సంతకం ఒక్కటే చాలు. పెళ్లికాని వాళ్లకూ పెళ్లయిన వాళ్లతో సమానంగా అబార్షన్ హక్కు ఉందని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. వివరాలు బయటపెట్టకూడదని కూడా చట్టంలోనే ఉంది.

మీరు సర్వే ప్రశ్నలు రాస్తున్నారు కాబట్టి ఒక్క మాట. "మీకు ఏ పద్ధతులు తెలుసు?" అని మాత్రమే అడిగితే అందరూ నాలుగు పేర్లు చెప్పేస్తారు. మొదటి కాన్పు తర్వాత అత్తారింటికి వచ్చిన రోజున మీ దగ్గర ఏం ఉంది, ఎవరిని అడగగలిగారు అని అడగండి. అడిగేటప్పుడు అత్తగారు పక్కన లేకుండా చూసుకోండి. నేను మధ్యాహ్నం బోరింగు దగ్గర, నీళ్లు పట్టుకునే వేళ అడిగేదాన్ని.