ప్రజా భద్రత సబ్‌కమిటీ వేయండి, కానీ దాని చేతిలో ఏముందో ముందు తేల్చండి

ప్రశ్న: “మా నగర కౌన్సిల్‌లో ప్రజా భద్రతపై సబ్‌కమిటీ వేయడానికి తీర్మానం పెడుతున్నారు. దానివల్ల ఉపయోగం ఉంటుందా? ఎవరెవరిని వేయాలి?”

ఉపయోగం ఉంటుంది. కానీ ఎవరిని వేయాలన్న ప్రశ్నకి నేను ఆఖర్న వస్తాను, ఎందుకంటే అందరూ అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఇలాంటి సబ్‌కమిటీలో కొంతకాలం పౌర సభ్యత్వం చేశాను. పేర్ల కోసం జరిగినంత కొట్లాట అధికారాల కోసం జరగలేదు. సబ్‌కమిటీ అన్నది మామూలుగా సిఫారసు చేస్తుందే తప్ప డబ్బు మంజూరు చేయదు. ఆ పని పూర్తి కౌన్సిల్‌ది. అందుకే తీర్మానంలోనే రెండు విషయాలు రాయించుకోవాలి. సబ్‌కమిటీ ఏదైనా అడిగితే సంబంధిత శాఖ గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. సిఫారసు వెళ్తే కౌన్సిల్ తర్వాతి సమావేశంలో దాన్ని ఓటుకు పెట్టాలి, ఓడిపోయినా సరే. ఇవి లేకపోతే నెలకోసారి టీ తాగి ఇంటికెళ్లడమే.

మా సబ్‌కమిటీలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉండేవారు. బడి దగ్గర రోడ్డు దాటే చోట చీకటిగా ఉంటోందని ఆవిడ సమావేశం వచ్చినప్పుడల్లా చెప్పేవారు. విద్యుత్ విభాగం ఇంజనీరు రిజిస్టర్ తెరిచి, “ఆ స్తంభం లైటు వెలుగుతోందమ్మా, మా దగ్గర ఫిర్యాదు క్లోజ్ అయింది” అనేవారు. అది అబద్ధం కాదు. ఒకరోజు ఆవిడ రాత్రి తీసిన ఫొటో ప్రింట్ వేయించి తెచ్చి బల్ల మీద పెట్టారు. దీపం చుట్టూ కొమ్మలు గుబురుగా పెరిగిపోయి, ఆకులు పచ్చగా మెరిసిపోతున్నాయి. కింద తెల్లగీతలు మాత్రం కనపడటం లేదు. “లైటు వెలుగుతోంది బాబూ, చెట్టుకి” అన్నారావిడ.

గదంతా గొల్లున నవ్వింది. ఇంజనీరు కూడా నవ్వేశారు. కానీ కొమ్మలు కొట్టడం తన పని కాదన్నారు, అది పార్కుల విభాగానిదట. పార్కుల వాళ్లేమో కరెంటు తీగల దగ్గర చేయి పెట్టాలంటే విద్యుత్ వాళ్లు సరఫరా ఆపాలన్నారు. వెలిసిపోయిన గీతలు రోడ్ల విభాగానివి. ముగ్గురూ ఒకే వరసలో కూర్చుని ఉన్నారు! మినిట్స్‌లో మాత్రం “సభ్యులు వీధి దీపాలపై చర్చించారు” అని ఒక్క ముక్క రాశారు. టీచరమ్మ ఒప్పుకోలేదు. ఏ పని, ఏ అధికారి, ఏ తేదీలోగా అని మూడు గళ్లు గీయించి, ముగ్గురిచేతా ఒప్పించి, అక్కడికక్కడే సంతకాలు పెట్టించారు. తర్వాతి సమావేశానికి ముందే కొమ్మలు పోయాయి, గీతలు పడ్డాయి. నా ఉద్దేశంలో సబ్‌కమిటీ వల్ల నిజమైన లాభం ఇదే: ఒకరి మీద ఒకరు తోసుకునే శాఖలు ఒకే గదిలో దొరుకుతాయి.

భద్రత అనగానే కౌన్సిలర్లకి దొంగలు, సీసీ కెమెరాలే గుర్తొస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు దాదాపు 11.9 లక్షల మంది. అదే ఏడాది హత్యలకు బలైనవాళ్లు ఐక్యరాజ్యసమితి అంచనాలో సుమారు 4.58 లక్షలు. మరి అజెండాలో ముందు ఏది ఉండాలి? కెమెరాల మీద నలభై ఏళ్ల అధ్యయనాలను కలిపి 2019లో ఒక సమీక్ష వచ్చింది. పార్కింగ్ స్థలాల్లో బాగా పనిచేశాయి కానీ, హింసాత్మక నేరాల మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనపడలేదని తేలింది. అయినా ప్రతి సమావేశంలో ఎవరో ఒకరు లేచి “కెమెరాలు పెట్టించండి సార్” అంటారు. పెట్టినవి పనిచేస్తున్నాయో లేదో అడిగేవాడుండడు. ప్రారంభోత్సవానికి రిబ్బనుంటుంది, మరమ్మతుకి ఉండదు కదా.

ఇంకో చిక్కు, పోలీసులు కౌన్సిల్ కింద ఉంటారా అన్నది ఊరూరికీ మారుతుంది. న్యూయార్క్ సిటీ కౌన్సిల్‌లో ప్రజా భద్రత కమిటీ ఉంది, అది నగర పోలీసు అధికారులను పిలిచి బహిరంగంగా ప్రశ్నిస్తుంది. భారతదేశంలో పోలీసు, శాంతిభద్రతలు రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోవి, అంటే రాష్ట్ర ప్రభుత్వం చేతిలోవి. 1992 నాటి 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ 18 అంశాలు ఉన్నాయి. రోడ్లు, అగ్నిమాపక సేవలు, వీధి దీపాలు, బస్టాపులు అందులో ఉన్నాయి, పోలీసు లేదు. మీ కౌన్సిల్‌కి పోలీసుల మీద అధికారం లేకపోతే గస్తీ గురించి గంటలకొద్దీ మాట్లాడి లాభం లేదు. చేతిలో ఉన్న దీపాలు, దారులు, అగ్నిమాపక వాహనం తిరగలేని సందుల సంగతి చూడండి. ఓస్లోలో 2019లో ఒక్క పాదచారి, ఒక్క సైక్లిస్టు కూడా రోడ్డు ప్రమాదంలో చనిపోలేదు. అది గస్తీతో రాలేదు. వేగ పరిమితులు తగ్గించి, వీధుల తీరు మార్చి సాధించారు.

ఇక సభ్యుల సంగతి. ఏడుగురికి మించొద్దు. ఎక్కువైతే కోరం చాలక వాయిదాలే. రాత్రి షిఫ్టు చేసేవాళ్లొకరు, చక్రాల కుర్చీలో తిరిగేవాళ్లొకరు తప్పకుండా ఉండాలి. కార్లో వచ్చి కార్లో వెళ్లేవాళ్లకి ఫుట్‌పాత్ ఎక్కడ తెగిపోయిందో తెలియదు. సమావేశం సాయంత్రం పెట్టండి. పనిరోజు పదకొండింటికి పెట్టి, ప్రజలకు ఆసక్తి లేదని వాపోయే కౌన్సిళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. పోలీసు అధికారిని మాత్రం ఆహ్వానితుడిగా పిలవండి, సభ్యుడిగా వేయొద్దు. ఆయన యూనిఫాంలో పక్కనే కూర్చుని ఓటేస్తుంటే ఆయన శాఖ మీద ఫిర్యాదున్న వాళ్లెవరూ ఆ గదిలో నోరు విప్పరు.