ముత్యం పేరు తెచ్చింది, శంఖం కూడు పెట్టింది: తూత్తుకుడి

ప్రశ్న: తూత్తుకుడి ముత్యాల వల్లే పుట్టిన ఊరా?

జవాబు: ముత్యాల వ్యాపారం ఆ ఊరికంటే చాలా పాతది. సంగం కాలంలో పాండ్యుల ముత్యాల రేవు కొర్కై. తామ్రపర్ణి తెచ్చి పోసిన ఒండ్రుతో సముద్రం వెనక్కి జరిగి, ఆ రేవు లోతట్టు పల్లెగా మిగిలింది. తర్వాత వెలిగిన కాయల్‌ను 13వ శతాబ్దం చివర మార్కోపోలో వర్ణించాడు. దానికీ పూడికే శత్రువైంది. వ్యాపారం చివరికి నది మొగకు ఉత్తరంగా ఉన్న తూత్తుకుడిలో స్థిరపడింది.

ముత్యపు చిప్పలు తీసే పరవర్లకూ ముస్లిం వర్తకులకూ తగవు ముదిరి, 1530ల మధ్యలో పరవర్ల పెద్దలు కొచ్చిన్ వెళ్ళి పోర్చుగీసుల అండ కోరారు. ఆ అండతోపాటు క్రైస్తవమూ వచ్చింది. 1542లో ఫ్రాన్సిస్ జేవియర్ వచ్చేసరికే వేలమంది బాప్తిస్మం పొంది ఉన్నారు. 1658లో ఊరు డచ్చివారి చేతికి, 1825లో శాశ్వతంగా ఇంగ్లీషువారి చేతికి వెళ్ళింది. ఎవరు వచ్చినా వాళ్ళ కన్ను చిప్పల మీదే.

ప్రశ్న: ముత్యాల వేట ఏటా జరిగేదా? ఎలా చేసేవారు?

జవాబు: ఏటా జరిగేది కాదు. ఊరి చరిత్రకు అసలు కీలకం ఇదే. తీరానికి కొన్ని మైళ్ళ దూరంలో, నీటి అడుగున రాతి తిప్పల మీద ఈ చిప్పలు అతుక్కుని పెరుగుతాయి. పిల్ల చిప్పలు ఏ ఏడు ఏ తిప్ప మీద నిలుస్తాయో చెప్పలేం. ఇసుక కప్పేస్తే ఊపిరాడక చస్తాయి. టేకి చేపలు, నక్షత్ర చేపలు తినేస్తాయి. చిన్న ఆలిచిప్పల గుంపులు చాపలా పరుచుకుని వీటిని నొక్కేస్తాయి. అన్నీ దాటినా ముత్యం సైజు కట్టడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఐదారేళ్ళు దాటితే చిప్ప ముసలిదై చస్తుంది, ముత్యం సముద్రం పాలవుతుంది. తీయడానికి అనువైన కాలం అంత చిన్నది. అందుకే ఇంగ్లీషు హయాంలో ముందు తనిఖీ ఉండేది. కొన్ని వేల చిప్పలు తీయించి, కుళ్ళబెట్టి, దొరికిన ముత్యాలకు నిపుణులతో వెల కట్టించేవారు. వెయ్యి చిప్పలకు ఇంత అని లెక్క తేలి, అది గిట్టుబాటైతేనే వేట ప్రకటన వెలువడేది.

వేట కాలం సుమారు ఫిబ్రవరి చివరి నుంచి మే లోపు. ఈశాన్య గాలి తగ్గి నైరుతి ఇంకా లేవని ఆ రోజుల్లోనే నీరు తేటగా ఉంటుంది. ఒక రాయికి ఇద్దరు మునిగేవాళ్ళు. ఒకరు దిగితే ఒకరు అలుపు తీర్చుకుంటారు. సుమారు పదిహేను కిలోల రాయి మీద కాలు మోపి నేరుగా అడుక్కి దిగి, నిమిషం అటూ ఇటూగా చిప్పలు ఏరి బుట్టలో వేసి తాడు లాగితే, పడవలోని మనిషి పైకి తెస్తాడు. పంపకంలో మంచి పద్ధతి ఉండేది. మునిగినవాళ్ళే తమ చిప్పలను మూడు సమాన కుప్పలుగా పోయాలి, అధికారి వాటిలో రెండు ఎంచుకుంటాడు, మిగిలింది వాళ్ళది. ఏ కుప్ప తమకు మిగులుతుందో తెలియదు కనుక పోసేవాడే జాగ్రత్తగా సమానం చేస్తాడు. సర్కారు వాటాను ఆ రాత్రే వెయ్యి చొప్పున వేలం వేసేవారు.

కొన్నవాడు వాటిని వారం పది రోజులు కుళ్ళబెట్టి, ఉప్పునీటిలో కడిగి, అడుగున మిగిలిన మడ్డిని ఆరబెట్టి ఏరేవాడు. ఒక్కో చిప్పను కోసి వెతికితే కండలో దాగిన చిన్న ముత్యాలు చేజారతాయి, అందుకే ఈ కంపు భరించాల్సి వచ్చేది. ఏరినవాటిని 20 రంధ్రాల నుంచి 1000 రంధ్రాల వరకు ఉన్న పది ఇత్తడి జల్లెళ్ళతో సైజులు విడదీసేవారు.

1920ల చివరి తర్వాత 1955 దాకా వేటే లేదు. అప్పుడు మళ్ళీ మొదలైన వేట 1961తో ఆగిపోయింది.

ప్రశ్న: మరి మధ్య ఏళ్ళలో ఊరు ఎలా బతికింది?

జవాబు: శంఖంతో. శంఖం ఇసుక అడుగుల్లో పురుగులను తింటూ తిరుగుతుంది, దాదాపు ప్రతి ఏటా దొరుకుతుంది. గిరాకీ బెంగాలుది. అక్కడ పెళ్ళైన స్త్రీల తెల్లటి శంఖు గాజుల కోసం తూత్తుకుడి సరుకు కలకత్తా, ఢాకా వెళ్ళేది. గాజుకు కావలసింది వెడల్పు. కనుక శంఖాన్ని కొలత రంధ్రంలోంచి పోనిచ్చి చూసేవారు, అందులోంచి జారిపోతే అది చిన్నది, తిరిగి సముద్రంలో వదిలెయ్యాలి. బతికున్న శంఖమే విలువైనది. చచ్చి అడుగున పడి ఉన్నదాన్ని పురుగు తొలిచి ఉంటుంది, రంపం పెడితే పెళుసుగా విరుగుతుంది. ముత్యం ఎంత మెరిసినా, ఊరి సంసారాన్ని ఎక్కువ కాలం నడిపింది ఈ శంఖమే.

ప్రశ్న: ఇప్పుడు ముత్యాలను పెంచవచ్చు కదా?

జవాబు: కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1973లో తూత్తుకుడిలోనే అది సాధించింది. ఒక చిప్ప అంచు పొర నుంచి రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క కోసి, గుండ్రటి గుల్ల పూసతో పాటు మరో చిప్ప బీజకోశంలో పెడతారు. ముక్క పూసను తాకి ఉండాలి. జారిపోతే ముత్యపు పొర పూసను చుట్టదు. చిప్పలను తెప్పలకు వేలాడదీసి, పైన పట్టే గుల్లలను తరచూ గీకాలి. విజ్ఞానం దొరికినా తీరం అనుకూలించలేదు. జపానులో లాగా గాలివాన తగలని అఖాతాలు ఇక్కడ లేవు, నైరుతి రోజుల్లో తెప్పలు నిలవడం కష్టం.