ఆ రెండు మాత్రలు ఎవరు ఆపమన్నారు?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. నాలుగు నెలల క్రితం గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. ఇన్సూరెన్స్ వాళ్లు ఇప్పుడు కేస్‌షీట్ అడుగుతున్నారు. మా దగ్గర డిశ్చార్జి సమ్మరీ ఉంది, అది చాలదా? రెండూ ఒకటే కాదా? పన్ను పీకించాలని ఐదు రోజులుగా రక్తం పల్చబడే మాత్రలు రెండూ ఆపాం. - ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కేస్‌షీట్ సంగతి తర్వాత. ముందు ఆ మాత్రల గురించి మాట్లాడాలి. డెంటిస్టు ఆపమన్నారో, మీరే ఆపారో రాయలేదు. గుండెపోటు వచ్చి స్టెంట్ వేస్తే ఆ రెండూ మామూలుగా ఏడాది పాటు వాడమంటాం. మధ్యలో ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒక్క పన్ను కోసం చాలామందికి వీటిని ఆపే అవసరమే రాదు. తీసిన చోట గాజుగుడ్డ నొక్కిపట్టి, కావాలంటే కుట్టు వేసి రక్తం ఆపుతారు. నాన్నగారి ఫైలు నేను చూడలేదు, కడుపులో పుండు లాంటివి ఉన్నాయేమో తెలియదు. కాబట్టి ఈరోజే మీ కార్డియాలజిస్టుకు ఫోన్ చేయండి. మళ్లీ ఏ డోసుతో మొదలుపెట్టాలో వాళ్లే చెప్పాలి. రేపు చూద్దాం అనుకోవద్దు. ఛాతీలో బిగుతు, ఆయాసం, చల్లటి చెమటలు ఉంటే నేరుగా 108 పిలవండి.

ఇంతకీ ఆ సమ్మరీ చివరిదాకా చదివారా? మందుల పట్టికలో ఏది ఎన్నాళ్లు వాడాలో సాధారణంగా రాస్తాం. చాలామంది మొదటి పేజీలో జబ్బు పేరు చూసి మడిచి బీరువాలో పెట్టేస్తారు. అలా చేయకండి.

ఇక మీ ప్రశ్న. రెండూ ఒకటి కాదు. సమ్మరీ అంటే ఇంటికి పంపే రోజు రాసే సారాంశం. కేస్‌షీట్‌లో చేరినప్పటి వివరాలు, రౌండ్స్‌లో డాక్టర్ రాసిన నోట్స్, నర్సుల చార్టు, ఏ మందు ఎన్నింటికి ఇచ్చారో, ప్రొసీజర్ నోట్స్, మీరు సంతకం పెట్టిన కన్సెంట్ ఫారం అన్నీ ఉంటాయి. షుగర్, బీపీ ఎన్నేళ్లుగా ఉన్నాయన్నది చేరిన రోజు పేజీలో రాస్తారు. ఇన్సూరెన్స్ వాళ్లు ముఖ్యంగా చూసేది అదే.

కేస్‌షీట్ నకలు కావాలని నాన్నగారి సంతకంతో ఆసుపత్రిలో అర్జీ ఇచ్చి, అందినట్టు రాయించుకోండి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు దాచాలన్నదే నియమం, అందుకని ఇప్పుడే తీసుకోండి.

స్టెంట్ సైజు, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్ యాంజియోప్లాస్టీ (స్టెంట్ వేసిన ప్రొసీజర్) రిపోర్టు మీద ఉంటే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఈసీజీ కాగితం మీద గీతలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి, జిరాక్స్ తీయించండి. లామినేషన్ మాత్రం వద్దు, వేడికి కాగితం నల్లబడిపోతుంది. డెంటిస్టు దగ్గరికి ఈసారి ఆ సమ్మరీ పట్టుకెళ్లండి.