ఇంటి నుంచి ఫోన్ వచ్చిన రాత్రే ఆకలెందుకు?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. కడపలో రూము తీసుకుని ఎస్సై పరీక్షకు చదువుకుంటున్నా. పోయినసారి ప్రిలిమ్స్‌లోనే పోయింది. ఊర్లో నాయన చెనక్కాయ పంట మీద అప్పు తెచ్చి డబ్బు పంపుతున్నాడు. రాత్రి ఫోన్ చేసి "ఎంతవరకు వచ్చింది?" అంటాడు. పెట్టేయగానే బయటికిపోయి రెండు కారం దోసెలు తింటా. రూముకొచ్చి మళ్లీ బిస్కెట్లు, మిక్చరు, ప్యాకెట్ అయిపోయేదాకా ఆగను. పొద్దున సిగ్గేసి మధ్యాహ్నం దాకా పస్తుంటా. 1600 మీటర్ల పరుగు ఉంది, ఒళ్లేమో పెరుగుతోంది. నాకు నోటి మీద అదుపు లేదా?

జవాబు: అదుపు లేని మనిషైతే వేళాపాళా లేకుండా తింటాడు. మీరు నాయనతో మాట్లాడాకే తింటున్నారు. కాబట్టి ముందు ఆ నింద మీ మీద నుంచి తీసేయండి.

నాయన అడిగినదానికి మీ దగ్గర జవాబు లేదు. అప్పు గుర్తొస్తుంది, కోపమూ వస్తుంది. అంత కష్టపడే మనిషి మీద కోపమేమిటని మళ్లీ మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు. అలాంటప్పుడు కారం, నూనె, తీపి నోటికి తగిలితే కాసేపు ధ్యాస మళ్లుతుంది. ఆ ఊరట నిజమే, అందుకే మెదడు మర్నాడూ అదే అడుగుతుంది. ఒత్తిడి రోజుల తరబడి సాగితే కార్టిసాల్ అనే హార్మోను పెరిగి చాలామందిలో ఇలాంటి తిండి మీద యావ ఎక్కువవుతుంది. అందులోనూ మన ఇళ్లల్లో మగపిల్లాడు ఏడిస్తే ఊరుకోరు, తింటే ఎవరూ ఏమనరు.

మీ రాత్రి తిండి కన్నా పొద్దున పస్తే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. 1944, 45లలో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు సగానికి సగం తిండి తగ్గించి చూశారు. అంతకుముందు తిండితో ఏ ఇబ్బందీ లేనివాళ్లు. రోజంతా తిండి ధ్యాసే పట్టుకుంది, వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు, చిరాకు, దిగులు పెరిగాయి. ఆంక్షలు ఎత్తేశాక కొందరు కడుపు నిండినా ఆపలేకపోయారు. మీరు శిక్షగా వేసుకునే పస్తు చిన్న ఎత్తున ఇదే చేస్తోంది. రాత్రయ్యేసరికి ఒంటి ఆకలీ మనసు బరువూ ఒక్కసారే మీద పడుతున్నాయి.

అందుకని రాత్రి ఎంత తిన్నా సరే, పొద్దున పరుగు అయ్యాక తప్పకుండా తినండి. ఉగ్గాని కానివ్వండి, రాగి సంగటి, ఊరిబిండి కానివ్వండి, పక్కన ఒక గుడ్డు. మధ్యాహ్నం మానొద్దు. ఫోన్ రాకముందే రాత్రి భోజనం ముగించండి. మాట్లాడాక మళ్లీ తినాలనిపిస్తే పది నిమిషాలు ఆగి, నాయనకు చెప్పలేకపోయింది ఒక కాగితం మీద రాయండి. తర్వాత కూడా ఆకలిగా ఉంటే కూర్చుని పళ్లెంలో పెట్టుకుని తినండి, నేను వద్దనను.

కాగితంతోనే అయిపోదు. ఈ ఆదివారం ఊరికి పోండి. చేనికాడ ఇద్దరే ఉన్నప్పుడు, "నాయనా, రోజూ అడిగితే నాకు దడగా ఉంది. వారానికోసారి నేనే ఫోన్ చేసి చెప్తా" అనండి. అప్పు మొత్తం ఎంతో కూడా అడగండి. తెలియక మీరు ఊహించుకుంటున్నది అసలు కన్నా పెద్దది కావచ్చు. ఆయన మొదట కసురుకున్నా ఆ మాట చెప్పకుండా వెనక్కి రాకండి.

ఆపలేక విపరీతంగా తినడం వారానికొకసారైనా మూడు నెలలుగా జరుగుతుంటే దానికి వైద్యం ఉంది, మాటలతో చేసే చికిత్స బాగా పనిచేస్తుంది. తిన్నది కక్కేయాలని చూస్తున్నా, బతకాలని లేదనిపిస్తున్నా ఒక్కరోజు కూడా ఆగొద్దు. కడప రిమ్స్‌లో మానసిక వైద్యులుంటారు. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్తే బరువు తగ్గే మందు అడక్కండి. ఏం జరిగాక తింటున్నారో, పొద్దున ఎన్ని గంటలు పస్తుంటున్నారో ముందు అది చెప్పండి.