సంగీతం, ఫైనల్ మిక్స్ రెండూ ఒక్కరే చేసుకోవచ్చా?

షార్ట్ ఫిల్మ్‌కి సంగీతం చేస్తున్నాను, ఫైనల్ మిక్స్ (మాటలు, చప్పుళ్ళు, సంగీతం అన్నీ సరిపాళ్ళలో కలపడం) కూడా నేనే చేసుకోవచ్చా, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని అడిగారు. నిక్షేపంగా చేసుకోవచ్చు. చిన్న సినిమాలకు నేను రెండు పనులూ చేస్తుంటాను. సాఫ్ట్‌వేర్ సంగతికొస్తే ప్రో టూల్స్, రీపర్, లాజిక్ ఏదైనా పర్వాలేదు. సెషన్ (సాఫ్ట్‌వేర్‌లో మీరు తెరిచే ప్రాజెక్టు) ఆడియో సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో పెట్టుకుని, ఎడిటర్ వాడిన ఫ్రేమ్ రేటే (సెకనుకి ఎన్ని ఫ్రేములన్నది) మీరూ పెట్టుకోండి. అంతకంటే ముందు అలవాటు చేసుకోవాల్సింది ఇంకోటుంది. మీరు చేసిన సంగీతాన్ని మ్యూట్ చేసి సీన్ మొత్తం వినడం.

ఒక సినిమాలో ఆసుపత్రి సీన్ వచ్చింది. తండ్రి బెంచీ మీద కూర్చుని ఉంటాడు. కూతురు వచ్చి పక్కన కూర్చుని, చాలాసేపటికి ఒక్క మాట చెబుతుంది, అదీ గుసగుసగా. ఎడిటర్ ఆ సీన్ కింద టెంప్ మ్యూజిక్‌గా, అంటే అసలు సంగీతం వచ్చేదాకా తాత్కాలికంగా, ఎక్కడిదో వయొలిన్ల ముక్క ఒకటి పెట్టాడు. దర్శకుడు ఎడిటింగ్ జరిగినన్నాళ్ళూ అదే విన్నాడు కాబట్టి అచ్చం అలాంటిదే కావాలన్నాడు. ఈ సీన్‌కి సంగీతం అక్కర్లేదని నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నా, అడిగారు కాబట్టి వయొలిన్లు, చెల్లోలు (కింది స్వరాలు పలికే పెద్ద వయొలిన్ లాంటివి) పెట్టి చేసిచ్చాను.

మిక్సింగ్‌కి కూర్చుంటే ఆ అమ్మాయి మాట వినపడదు. గుసగుసలో గొంతు మోగదు కదా, గాలి చప్పుడే ఉంటుంది. అది వినిపించే ఫ్రీక్వెన్సీల్లోనే వయొలిన్లూ ఉన్నాయి. మాట పెంచితే దాంతోపాటు ఏసీ హోరు కూడా పైకొస్తోంది. ఇక సంగీతం మొత్తం మ్యూట్ చేసి దర్శకుడికి వినిపించాను. దూరంగా ట్రాలీ చక్రం కిర్రుమంటోంది. తండ్రి చేతిలోని ప్లాస్టిక్ ఫైలు అంచుని బొటనవేలితో గీకుతున్నాడు, ఆగి మళ్ళీ గీకుతున్నాడు. ఫోలీ (నటుల కదలికల చప్పుళ్ళు తర్వాత స్టూడియోలో చేసి కలపడం) చేసినావిడ అంత శ్రద్ధగా చేసిన చప్పుడు అప్పటిదాకా ఎవరికీ వినపడలేదు. కూతురు మాట చెప్పగానే ఆ గీకుడు ఆగిపోయింది. దర్శకుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, మాట అయ్యేదాకా సంగీతం వద్దన్నాడు. తండ్రి లేచి నిలబడ్డాక చెల్లో మీద ఒకే ఒక్క కింది స్వరం మెల్లగా మొదలుపెట్టాం. సీన్‌కి అది చాలింది.

ఈ టెంప్ మ్యూజిక్ మోజు కొత్తదేమీ కాదు. 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'కి అలెక్స్ నార్త్ సంగీతం రాసి రికార్డు కూడా చేశాక, దర్శకుడు కుబ్రిక్ దాన్ని పక్కన పెట్టి టెంప్‌గా ముందే వేసుకున్న రికార్డులనే సినిమాలో ఉంచేశాడు. సినిమా గొప్పదే, కాదనను. కానీ పని చేసినవాడి కష్టం కూడా కష్టమే కదా!

ఇంకో బాధ కూడా చెప్పాలి. షూటింగ్‌లో అందరూ ఒక్క 30 సెకన్లు కదలకుండా ఉంటే ఖాళీ గది శబ్దం రికార్డు చేసుకుంటామని సౌండ్ వాళ్ళు మొత్తుకున్నా ఎవరూ చెవిన వేసుకోరు. 'పోస్ట్‌లో (షూటింగ్ అయ్యాక జరిగే పనుల్లో) చూసుకుందాం' అంటారు. తీరా ఎడిటింగ్‌లో డైలాగ్‌లోంచి ఒక దగ్గు తీసేస్తే అక్కడ శబ్దంలో గుంట పడుతుంది, పూడ్చడానికి మన దగ్గర ఏమీ ఉండదు. అప్పుడు పైన సంగీతం కప్పేస్తారు. చాలా సినిమాల్లో సంగీతం ఊపిరి తీసుకోకుండా మోగడానికి సగం కారణం ఇదేనని నా గట్టి నమ్మకం. పిక్చర్ లాక్ అయింది, ఇక ఎడిటింగ్‌లో మార్పులుండవు అని చెప్పి, వారం తర్వాత 9 ఫ్రేములు కత్తిరించేవాళ్ళ గురించి చెప్పాలంటే వేరే సమాధానం రాయాలి. 24 ఫ్రేముల లెక్కన అది సెకనులో మూడో వంతు కంటే ఎక్కువ. తండ్రి లేచిన వెంటనే రావాల్సిన స్వరం ఆలస్యంగా వస్తుంది.

మీ ప్రశ్నకే వస్తే, రెండూ మీరే చేసినా సంగీతాన్ని ఒకే స్టీరియో ఫైలుగా మిక్స్‌లోకి తేకండి. పై స్వరాల తీగ వాయిద్యాలు, కింది స్వరాల తీగ వాయిద్యాలు, తాళవాద్యాలు, సోలో దేనికది స్టెమ్‌గా, అంటే విడి ఆడియో ఫైలుగా పెట్టుకోండి. అప్పుడు మాటకి అడ్డొస్తున్నదాన్ని మాత్రమే తగ్గించవచ్చు. 5.1లో (థియేటర్లో చుట్టూ స్పీకర్లుండే పద్ధతిలో) చేస్తుంటే డైలాగ్ మధ్య స్పీకర్లో ఉంటుంది కాబట్టి సంగీతాన్ని ఎడమ కుడి వైపులకు జరపండి. అన్నిటికంటే ముఖ్యం, స్క్రిప్టు చదవనివాళ్ళని ఒకరిని కూర్చోబెట్టి తక్కువ వాల్యూమ్‌లో వినిపించండి. సంగీతం చేసేటప్పుడే డైలాగులన్నీ మీకు కంఠతా వచ్చేసి ఉంటాయి, వినపడకపోయినా మీకు వినపడినట్టే ఉంటుంది. ఆ మనిషి 'ఏమంది?' అని అడిగిన చోటల్లా ఆపి, ఏ స్టెమ్ అడ్డొస్తోందో ఒక్కొక్కటీ మ్యూట్ చేసి చూడండి.