హ్యావ్ బీన్, హ్యాడ్ బీన్ తేడా తెలియాలంటే పన్నెండు టెన్సులూ బట్టీ పట్టాల్సిందేనా?

అక్కర్లేదు. నేను పట్టాను కాబట్టి చెబుతున్నాను.

2009లో చర్లపల్లి పారిశ్రామికవాడలో పంపుల విడిభాగాలు తయారుచేసే ఓ చిన్న ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేవాణ్ణి. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత డిప్లొమా, ఆ తర్వాత ఆరేళ్లుగా ఆ స్టోర్సే. కాస్త పెద్ద సంస్థ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. మా బావగారు నన్ను కూర్చోబెట్టి, "'ఐయామ్ వర్కింగ్ సిన్స్ సిక్స్ ఇయర్స్' అన్నావంటే అక్కడి నుంచే పంపించేస్తారు" అని బెదిరించారు. మరి ఏమనాలో మాత్రం చెప్పలేదు. ఆయనకూ తెలియదని ఇప్పుడు నా అనుమానం. రాత్రంతా గైడులోని పన్నెండు గళ్ల పట్టిక వల్లె వేశాను.

లోపల ముగ్గురున్నారు. అక్కడ ఎన్నాళ్లుగా చేస్తున్నారన్నది మొదటి ప్రశ్న. బావగారు వద్దన్న వాక్యమే నాలుక మీదికి వచ్చింది. దాన్ని మింగేసి, పట్టికంతా తడుముకుని, అన్నిట్లోకీ ప్రమాదం లేనట్టు కనిపించిన గడిని పట్టుకున్నాను. "ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ సిక్స్ ఇయర్స్, సర్." వ్యాకరణం ప్రకారం ఒక్క తప్పు లేదు. అందుకే కొంప మునిగింది.

"మరి ఎందుకు మానేశారు?" అని టై కట్టుకున్న కుర్రాడు ఇంగ్లీషులో అడిగాడు.

నేను మానలేదే! ఎవరైనా నా మీద చాడీలు చెప్పారేమోనని గుండె జారిపోయింది. "ఐ డిడ్ నాట్ లెఫ్ట్, సర్" అన్నాను. "అయితే వాళ్లే తీసేశారా?" అన్నాడు. "నో సర్, ఐ డిడ్ నాట్ లెఫ్ట్!" అని రెండోసారి ఇంకాస్త గట్టిగా చెప్పాను. గొంతు పెంచితే వాక్యం సరిపోతుందనుకున్నానేమో. పక్కనున్న ఆవిడ నవ్వు కనిపించకుండా నా దరఖాస్తునే మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

మూడో ఆయన తల పూర్తిగా నెరిసిన పెద్దాయన. అప్పటిదాకా నోరు విప్పలేదు. "బాబూ, ఇవాళ ఎక్కడ సెలవు పెట్టి వచ్చారు?" అని తెలుగులో అడిగారు. ఫ్యాక్టరీ పేరు చెప్పాను. ఆయన ఆవిడ చేతిలోంచి నా దరఖాస్తు తీసుకుని, వెనక్కి తిప్పి, పెన్సిలుతో 'వెళ్లలేదు' అని రాశారు. విడగొట్టమన్నారు. వెళ్ల, లేదు అన్నాను. "'వెళ్లాను లేదు' అని ఎప్పుడైనా అన్నారా?" అని అడిగారు. అనలేదన్నాను. "మరి? జరిగిపోయిన కాలం సంగతి 'లేదు' చూసుకుంటోంది. 'వెళ్ల' ఉత్త చేతులతో నిలబడితే చాలు. ఇంగ్లీషులో 'డిడ్' కూడా అంతే. కాలం మూట అది మోస్తుంటే మళ్లీ 'లెఫ్ట్' నెత్తిన ఇంకో మూట ఎందుకు? 'లీవ్' అంటే సరి."

బడిలో అయిదేళ్ల పాటు ఇంగ్లీషు చదివిన నాకు ఈ మాట అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆ ఉద్యోగం రాలేదు. ('రాలేదు' కూడా అదే బాపతు, గమనించారా?)

అప్పటి నుంచి నా అభిప్రాయం ఒకటే. మనం చేసే తప్పుల్లో ముప్పాతిక మువ్వీసం, మనం ఒక్క రూపంతో గడిపేసే చోట ఇంగ్లీషువాళ్లు రెండు వాడటం వల్ల వచ్చేవే. 'నిన్న వచ్చాను', 'ఇప్పుడే వచ్చాను' అంటాం. మనకు రెండూ ఒకే 'వచ్చాను'. వాళ్లు ఫలానా రోజని చెప్పేస్తే 'కేమ్' అంటారు, రోజు చెప్పకుండా ఇప్పటికి ముడిపెడితే 'హ్యావ్ కమ్' అంటారు. మన ఆఫీసు ఉత్తరాల నిండా 'ఐ హ్యావ్ సెంట్ ఎస్టర్‌డే' కనిపించేది అందుకే. నిన్న, పోయిన వారం, 2009లో వంటి మాట వాక్యంలో కనబడితే హ్యావ్‌ను గుమ్మం బయటే ఆపేయండి. టెక్సస్‌లో ఉండే మా మేనకోడలైతే 'ఇప్పుడే తిన్నాను' అనడానికి కూడా 'ఐ జస్ట్ ఏట్' అంటుంది. అమెరికాలో అది మామూలే. మా మాస్టారు వింటే బెంచీ ఎక్కించేవారు.

మాస్టారంటే గుర్తొచ్చింది. తెలుగు పీరియడులో భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు తద్ధర్మం అని నాలుగోది కూడా చెప్పేవారు. సూర్యుడు తూర్పున ఉదయించును, అంటే ఎప్పుడూ జరిగేది. తర్వాతి పీరియడులో ఇంగ్లీషు మాస్టారు 'ద సన్ రైజెస్ ఇన్ ది ఈస్ట్' అని బోర్డు మీద రాసి, దానికి సింపుల్ ప్రెజెంట్ అని పేరు పెట్టేవారు. ఆ రెండూ ఒకటేనని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. ప్రెజెంట్ అనగానే మేం 'ఇప్పుడు' అనుకున్నాం. పైగా మన వాడుకలో తద్ధర్మమూ భవిష్యత్తూ కలిసిపోయాయి: రోజూ వస్తాను, రేపు వస్తాను. దాంతో 'డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్' అంటాం. రోజూ లేచేవాడికి విల్ ఎందుకు? రేపటి నుంచి లేస్తానని ఇంట్లో మాట ఇచ్చేవాడికి కావాలి.

అసలు పన్నెండు అనే ఆ లెక్క మీదే నాకు కోపం. క్రియ తన రూపం మార్చుకుని కాలం చెప్పేవి ఇంగ్లీషులో రెండే: గో, వెంట్. భవిష్యత్తుకు సొంత రూపమే లేదు, విల్‌ను పక్కన పెట్టుకుని నెట్టుకొస్తుంది. మిగతా గళ్లన్నీ బీ, హ్యావ్, విల్ అనే మూడు బోగీలను రకరకాలుగా తగిలించినవే. కానీ మూడే అని చెబితే గైడు అమ్ముడుపోదు. ఇక 'ఐ షల్, యూ విల్' అన్న నియమం కోసం నేను వేసిన గోడకుర్చీలకు లెక్కలేదు. ఉద్యోగంలో చేరాక షల్ అనే మాట టెండరు కాగితాల్లో చూశానే తప్ప, మనిషి నోట వినలేదు.

మీ ప్రశ్నకు వస్తాను. తెలుగులో 'నుంచి'గానీ 'ఆరేళ్లుగా' వంటి మాటగానీ ఉండి, చివర 'తున్నాను' వచ్చి, ఆ పని ఇంకా సాగుతుంటే హ్యావ్ బీన్ పెట్టండి. '2003 నుంచి చేస్తున్నాను' అంటే 'ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ సిన్స్ 2003'. ఆరేళ్లుగా అంటే 'ఫర్ సిక్స్ ఇయర్స్'. ఆ రోజు నేను అనాల్సిన వాక్యం ఇదే. ఒట్టి 'వర్క్‌డ్' అంటే ఆ పని ముగిసిపోయినట్టు వినిపిస్తుంది, అందుకే ఆ కుర్రాడు ఎందుకు మానేశారని అడిగాడు.

హ్యాడ్ అంటే మర్యాదకు తగిలించే 'గారు' లాంటిదని మావాళ్లు చాలామంది అనుకుంటారు. 'లాస్ట్ మంత్ ఐ హ్యాడ్ గాన్ టు తిరుపతి' అంటారు. ఒట్టి 'వెంట్' చాలు, దేవుడేమీ అనుకోడు. 'నేను వెళ్లేసరికి రైలు వెళ్లిపోయింది' అన్నప్పుడు, ఆ ముందే వెళ్లిపోయిన రైలుకు హ్యాడ్ పెట్టాలి. మనకు ఆ పని 'సరికి' చేసిపెడుతుంది. ఆ ముందటి పని అప్పటికి కొంతకాలంగా సాగుతూ ఉంటే హ్యాడ్ బీన్.

నా మొత్తం ఉద్యోగంలో హ్యాడ్ బీన్‌తో ఒక్కసారే పని పడింది. వానకు గోదాములో నీళ్లు చేరి సరుకు పాడైతే, బీమా కంపెనీకి ఉత్తరం నేనే రాశాను. అప్పటికే మూడు నెలలుగా పైకప్పు కారుతోందన్న సంగతిని 'హ్యాడ్ బీన్ లీకింగ్ ఫర్ త్రీ మంత్స్' అని, ఒక్క తప్పు లేకుండా. దాని కిందే ఎర్ర సిరాతో గీత గీసి క్లెయిము తిప్పి పంపారు.