పేపర్లో వేయిస్తే కాలనీ పని అవుతుందా? ముందు ఆ కాలువ ఎవరిదో తేల్చుకోండి

మీరు అడిగింది ఇది: విశాఖ శివార్లలో పెందుర్తి వైపు కొత్తగా ఇల్లు కొనుక్కుని వచ్చారు, గట్టి వాన పడితే వీధిలోకి మోకాలి లోతు నీళ్ళు వస్తున్నాయి, ఎవరిని కదిపినా "అది మా పరిధి కాదండీ" అంటున్నారు, పేపర్లో వేయిస్తే పని అవుతుందా అని.

నేనుండేది వేపగుంటకీ పెందుర్తికీ మధ్య ఒక కాలనీలో. కాలనీ సంఘం పనుల మీద ఆఫీసుల చుట్టూ కాస్త తిరిగినవాణ్ణే. కాబట్టి సూటిగా చెబుతాను. పేపర్లో పడితే కొన్ని పనులు మర్నాడే అవుతాయి. వీధి దీపం, ఎత్తని చెత్త, మూత లేని మ్యాన్‌హోల్, పగిలిన కుళాయి పైపు లాంటివి. వీటికి బాధ్యుడు ఎవరో అందరికీ తెలుసు, సామాను స్టోర్లోనే ఉంటుంది, మనిషి ఉంటాడు. పై అధికారి పొద్దున్నే ఫోన్ చేసి "ఏంటయ్యా ఇది" అంటే మధ్యాహ్నానికి అయిపోతుంది. వాన నీళ్ళ సంగతి అలా తెమలదు. ఆ నీళ్ళు మీ వీధిలో పుట్టినవీ కావు, మీ వీధిలో ఆగాల్సినవీ కావు. పైన ఒకరి స్థలం, కింద ఇంకొకరి స్థలం, మధ్యలో మీరు.

మన శివారుకి ఈ బాధ ఎక్కువ ఎందుకంటే ఇదంతా అతుకుల బొంత. 2005లో గాజువాక మున్సిపాలిటీనీ 32 గ్రామాలనీ విశాఖ నగరంలో కలిపి జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) చేశారు. మనవైపు ఊళ్ళు కూడా అలా కలిసినవే. లేఅవుట్లు వేసింది ఒకరు, అనుమతి ఇచ్చింది అప్పటి నగరాభివృద్ధి సంస్థ వుడా (2018 నుంచి వీఎంఆర్‌డీఏ), కొన్నిటికి అసలు అనుమతే లేదు. పెద్ద రోడ్డు ఒకరిది, సందు రోడ్డు ఇంకొకరిది, రైలు పట్టాల పక్క స్థలం రైల్వేది. పైగా అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం అనే పంచగ్రామాల్లో సింహాచలం దేవస్థానం భూముల వివాదం ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది. అక్కడ కొత్తగా కాలువ కట్టాలంటే నేల ఎవరిదన్న ప్రశ్నే ముందు వస్తుంది.

నీళ్ళకి మాత్రం ఈ హద్దులేమీ పట్టవు. సింహాచలం కొండ మీద పడిన వాన గెడ్డల్లోంచి, అంటే కొండవాగుల్లోంచి, పల్లానికి దిగుతుంది. ఒకప్పుడు మధ్యలో పొలాలు, చెరువులు ఉండేవి కాబట్టి కొంత ఇంకేది, కొంత ఆగేది. ఇప్పుడు కొండ దిగువంతా సిమెంటే. గంట వానకి గెడ్డ నిండిపోతుంది. ఇంకో మాట చాలామందికి తెలీదు. మనవైపు మురుగు చాలావరకు చేరేది మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ వైపే. నగరం తాగే నీళ్ళలో కొన్ని అక్కడి నుంచే వస్తాయి. కాబట్టి ఇది మీ ఒక్క వీధి గొడవ కాదని అర్జీలో ఒక వాక్యం రాయండి, పనికొస్తుంది.

మా కాలనీలో ఏం జరిగిందో చెబుతాను. వరసగా వానలు పడిన ఒక అక్టోబరులో మా కింది వీధిలో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. సంఘం అధ్యక్షుడు స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయిన మనిషి, మేమంతా మాస్టారు అంటాం. ఆయనే తెలిసిన కంట్రిబ్యూటర్‌ని, అంటే పేపర్‌కి స్థానిక వార్తలు పంపేవాణ్ణి, పిలిచారు. ఆడవాళ్ళు చీరలెత్తి నీళ్ళలో నడుస్తున్న ఫొటోతో జిల్లా పేజీలో "శివారు కాలనీ వాసుల అవస్థలు" అని పడింది. మర్నాడు పొద్దున్నే శానిటరీ ఇన్‌స్పెక్టర్, మేస్త్రీ, ఒక జేసీబీ దిగిపోయారు. మా వాళ్ళకి సంబరమే సంబరం. జేసీబీ గెడ్డలో పూడిక తీసుకుంటూ వెళ్ళి, కల్వర్టుకి ఇరవై గజాల దూరంలో ఆగిపోయింది. "ఇక్కడి నుంచి మాది కాదు బాబూ, ఆ శాఖ వాళ్ళు చూసుకోవాలి" అన్నారు. తీసిన పూడిక ఏం చేశారంటే, గట్టు మీదే పోశారు. పది రోజుల తర్వాత పడిన వానకి అదంతా మళ్ళీ గెడ్డలోకే జారిపోయింది. అసలు అడ్డం ఉన్నది కల్వర్టు దగ్గర. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఆ రెండో శాఖ ఏదో ఇక్కడ చెప్పను, అనవసరం. వాళ్ళ ఆఫీసుకి వెళితే వాళ్ళూ అదే పాట: "రోడ్డు మాది, కింద కాలువ కార్పొరేషన్‌ది." కాగితం మీద రాసివ్వమంటే ఇద్దరూ ఇవ్వరు. నోటితో మాత్రం ఎన్నిసార్లయినా చెబుతారు.

ఇక్కడ మాకు పనికొచ్చింది సమాచార హక్కు చట్టం. 2005 నాటి చట్టమే, అందరికీ తెలిసిందే. కానీ దాంట్లో 6(3) సెక్షన్ చాలామంది చూడరు. మీరడిగిన సమాచారం తమ దగ్గర లేకపోతే "మాది కాదు" అని దరఖాస్తు తిప్పి పంపడానికి లేదు. ఎవరి దగ్గర ఉందో ఆ శాఖకి ఐదు రోజుల్లోగా వాళ్ళే బదిలీ చేసి, ఆ సంగతి మీకు రాతపూర్వకంగా చెప్పాలి. అంటే "మా పరిధి కాదు" అన్నవాడే అది ఎవరి పరిధో సంతకం పెట్టి చెప్పాల్సి వస్తుంది. ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో సమాధానం రావాలి, రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు.

ప్రశ్న ఎలా అడుగుతామన్న దాని మీదే అంతా ఉంటుంది. "మా కాలనీలోకి నీళ్ళెందుకు వస్తున్నాయి?" అని రాస్తే, అది సమాచారం కిందకి రాదని కొట్టేస్తారు. మేము ఇలా అడిగాం: ఫలానా సర్వే నంబరు దగ్గరున్న కల్వర్టు నిర్వహణ ఏ కార్యాలయానిది, గత మూడేళ్ళలో దాంట్లో పూడిక తీసిన పనుల బిల్లుల నకళ్ళు ఇవ్వండి, ఆ పని చూడాల్సిన అధికారి హోదా చెప్పండి. మనుషుల పేర్లు అడగలేదు, ఆరోపణలు చేయలేదు. మాస్టారు మొదట రాసిన చిత్తులో "మీ నిర్లక్ష్య వైఖరి" అని రెండు పేరాలు ఉండేవి. అవి తీసేయించడానికే ఒక సాయంత్రం పట్టింది.

సర్వే నంబరు ఎక్కడ దొరుకుతుందంటారా? మీ దస్తావేజులోనే ఉంటుంది. గెడ్డది కావాలంటే ప్రభుత్వ భూరికార్డుల మీభూమి వెబ్‌సైట్‌లో గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) చూడండి. గెడ్డ పోరంబోకు అని విడిగా చూపిస్తారు. పటంలో గెడ్డ వెడల్పు చూసి, తర్వాత వెళ్ళి గట్టు మీద నిలబడి చూడండి. చాలాచోట్ల సగం కూడా ఉండదు. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని అడిగినా చూపిస్తారు. లేఅవుట్‌కి అనుమతి ఉంటే దాని ప్లాన్ కాపీ కూడా తీసుకోండి, కాలువ ఎటు పోవాలని అప్పుడు చూపించారో అందులో ఉంటుంది. అనుమతి లేని లేఅవుట్ అయితే ఆ ప్లాన్ ఉండదు కాబట్టి గ్రామ పటమే దిక్కు.

మాకు సమాధానం ఆలస్యంగానే వచ్చింది. వచ్చాక మాత్రం కథ మారింది. ఆ కాగితం జత చేసి సోమవారం పీజీఆర్‌ఎస్‌లో (ప్రజా సమస్యల పరిష్కార వేదిక) అర్జీ ఇచ్చాం. అర్జీలో కోరింది ఒకటే: రెండు శాఖల జాయింట్ ఇన్‌స్పెక్షన్, అంటే ఇద్దరూ కలిసి వచ్చి చూడటం. "సమస్య పరిష్కరించగలరు" అని రాస్తే ఎవరో ఒకరు వచ్చి ఫొటో తీసుకుని, పరిష్కారమైందని క్లోజ్ చేసేస్తారు, మీ ఫోన్‌కి మెసేజ్ కూడా వస్తుంది. జాయింట్ ఇన్‌స్పెక్షన్ అడిగితే అలా మూసేయడం కష్టం, ఎందుకంటే ఇద్దరి సంతకాలూ కావాలి. అర్జీతో పాటు ఇంటి పన్ను రసీదులు కూడా జత చేయండి. ఇంటి పన్నులో డ్రైనేజీ పన్ను కూడా కలిసే ఉంటుందని చాలామందికి తెలీదు. అసెస్‌మెంట్ నంబర్లతో సంతకాలు పెట్టిన అర్జీకి ఉండే బరువు ఉత్త సంతకాలకి ఉండదు.

ఇన్‌స్పెక్షన్ రోజు నేనూ వెళ్ళాను. కల్వర్టుకి మూడు తూములు. రెండు పూర్తిగా మట్టితో మూసుకుపోయాయి. మూడోదాని నోటికి అడ్డంగా ఎప్పుడో వేసిన ఒక ఇనుప పైపు పోతోంది. ఆ పైపుకి ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి బొండాలు, ఒక చిరిగిన పరుపు చుట్టుకుని గోడ కట్టినట్టయింది. బొండాలు మెయిన్ రోడ్డు మీద బళ్ళవాళ్ళవి, పరుపు మా కాలనీలోదే అయ్యుంటుంది. పైపు ఎవరిదని మళ్ళీ చర్చ మొదలైంది. కానీ ఈసారి రెండు శాఖల ఏఈలు (అసిస్టెంట్ ఇంజనీర్లు) ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు కాబట్టి అక్కడే తేలిపోయింది.

తూములు శుభ్రం చేశారు, పైపు కాస్త పైకి మార్చారు. ఇప్పుడు పెద్ద వానకి నీళ్ళు రావడం లేదని అనను. వస్తాయి, కానీ గంటన్నరలో తీసేస్తున్నాయి. ఇళ్ళలోకి రావడం లేదు.

ఇంకో ఇబ్బంది ఉంది, ముందే తెలిస్తే మంచిది. మీరు గెడ్డ వెడల్పు గురించి అడగడం మొదలుపెట్టగానే మీ కాలనీవాళ్ళే మీకు ఎదురు తిరుగుతారు. కార్లు ఎక్కడానికి కాలువ మీద ర్యాంపులు పోసుకున్నది మనమే. కొందరి ప్రహరీ గోడలు రెండడుగులు ముందుకొచ్చి ఉంటాయి. మా సంఘం మీటింగులో తూముల గురించి అందరూ ఒక్క మాట మీద ఉన్నారు. ర్యాంపుల మాట ఎత్తగానే సగం మంది లేచి వెళ్ళిపోయారు. ఒకాయన "ముందు ఆయన గోడ కొట్టించండి, తర్వాత నా ర్యాంపు సంగతి చూద్దాం" అన్నారు, ఆ ఆయన పక్కనే కూర్చుని ఉన్నారు. చివరికి కొందరు కాంక్రీటు ర్యాంపు తీసేసి, ఎత్తి శుభ్రం చేసుకునేలా ఇనుప గ్రిల్లు పెట్టుకున్నారు. మిగతావి అలాగే ఉన్నాయి. ఇప్పటికీ రెండు ఇళ్ళవాళ్ళు నాతో మాట్లాడరు.

ఇక పేపర్ సంగతి. మానమని కాదు, వరస మార్చండి. ఈనాడు 1974లో మొదలైంది మన విశాఖలోనే. అప్పటి నుంచీ ఊళ్ళో పేపర్‌లో పడిన వార్తకి ఆఫీసుల్లో విలువ ఉంది, ఇప్పటికీ ఉంది. కానీ కంట్రిబ్యూటర్‌కి చాలా తక్కువ జాగా ఉంటుంది, సాయంత్రంలోగా పంపాలి, అధికారి వివరణ కూడా ఉండాలి. మీ చేతిలో కాగితం లేకపోతే ఆయన రాయగలిగింది "అవస్థలు" ఒక్కటే. కల్వర్టు ఫలానా శాఖదేనని వాళ్ళే ఇచ్చిన సమాధానం చూపిస్తే వార్త స్వరూపమే మారుతుంది. ఆ శాఖ అధికారి "వారంలో చేయిస్తాం" అని వివరణ ఇస్తాడు, అచ్చులో ఉంటుంది. ఆ కటింగ్‌ని తర్వాతి అర్జీకి జత చేస్తారు. లోగో మైకులతో వచ్చి వీడియో తీశాక "ఖర్చులు" అడిగేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకి ఒక దండం పెట్టండి.

కరెంటు స్తంభం, వీధి దీపం దగ్గర కూడా ఇదే తిరకాసు. స్తంభం కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌ది, దానికున్న దీపం కార్పొరేషన్ చూసేది. తీగ తెగినా, స్తంభం ఒరిగినా 1912కి చేయండి. దీపం వెలగకపోతే వార్డు సచివాలయంలో వసతులు చూసే ఎమినిటీస్ సెక్రటరీకి చెప్పండి.

అర్జీలన్నీ అక్టోబరు దాకా ఆగకుండా ఏప్రిల్, మేలలోనే ఇవ్వండి. వానాకాలం ముందు పూడిక పనులకి ఎస్టిమేట్లు వేసేది అప్పుడే, మీ గెడ్డ పేరు అందులో ఎక్కాలి. పని జరిగే రోజు కాలనీ నుంచి ఒకరు అక్కడ ఉండి, తీసిన మట్టి లారీకెత్తే దాకా కదలకండి. బిల్లు పూడిక తీసినందుకే కాదు, తరలించినందుకు కూడా ఉంటుంది. మీ కాలనీ ఏ రెవెన్యూ గ్రామం కిందకి వస్తుందో, నీళ్ళు ఏ వైపు నుంచి వస్తున్నాయో చూసి రాయండి. మేము పెట్టిన దరఖాస్తు నకలు నా దగ్గరుంది, సర్వే నంబర్లు మార్చుకుని వాడుకోవచ్చు.